మంత్రసాని గాజులు

శ్రవణం కార్తె

రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. స్తంభం కాపరి అన్నవాళ్లు చూసింది చూసినట్టు ఈ పలక మీద రాయాలట. రెక్కతోడు కంపెనీవాళ్లు చదువుతారట. చదువుకోండి. నా పేరు ఆదెమ్మ, మూడో స్తంభం కాపరిని. జీతం లేదు, వాలంటీర్ని. నాకు కోపం ఎక్కువని మా తమ్ముడు గౌరునాయుడు మీకు ముందే చెప్పి ఉంటాడు. వాడు ఈ జన్మలో చెప్పిన నిజాల్లో అదొకటి.

పొద్దున్నే స్తంభం చుట్టూ కట్టే వలకి చిరుగులు కుట్టాను. పైనుంచి జారిన పిల్ల నేల మీద పడకుండా ఆ వల ఆపుతుంది. తర్వాత తొట్టిలో కూచుని, మోటారు వేయించుకుని పైకి వెళ్లి కొమ్మలకి తాటాకు చుట్టాను. కొమ్మలంటే ఇనప కొమ్మలే. సముద్రం ఊళ్లోకొచ్చి చింతచెట్లన్నీ ఉప్పుకి చచ్చాక, ఎవరికీ అక్కర్లేక నిలబడిపోయిన సెల్‌ఫోన్ టవర్లకి మా అయ్య తరంవాళ్లు ఇనప చేతులు అతికించి, ఆకు చుట్టి, రండమ్మా అని పిలిచారు. వచ్చారు. మా ఊళ్లో ఎర్రకాళ్ల కొంగని కొంగ అనరు, ఆడపడుచు అంటారు. పురిటికి పుట్టింటికొస్తుంది, పిల్లలకి రెక్కలొచ్చాక తీసుకుపోతుంది. వాళ్లున్నన్నాళ్లూ ఊళ్లో డప్పు మోగదు, టపాకాయ పేలదు. జారిన పిల్లని తీసి గూట్లో పెట్టేదాన్ని గనక నన్ను మంత్రసాని అంటారు. ఆ మాటకి మాత్రం నాకు కోపం రాదు.

ఇవాళ ఊళ్లో సీమంతం. దాని కథ కూడా రాస్తాను, రేపు ఎవరూ నాకు తెలియదనకుండా.

నిరుటి తుఫానుకి రెండు స్తంభాలు కూలాయి. నిలబెట్టే దిక్కు లేక చూస్తూ కూచున్నాం. అప్పుడొచ్చారు రెక్కతోడువాళ్లు. స్తంభాలు మేం నిలబెడతాం, మీ పక్షుల కాలికి ఒక్క రింగు వేయనివ్వండి చాలు అన్నారు. పట్నం నుంచి కుటుంబాలు వస్తాయి, కుర్చీల్లో కూచుని టోపీలు పెట్టుకుంటాయి, పక్షి ఎగురుతుంటే దాని ఒంట్లో తామే ఉన్నట్టుంటుంది. పక్షికి ఏమీ తెలియదు, ఏమీ కాదు. ఇదీ వాళ్లు చెప్పింది.

"రింగేటి? సంకెలా?" అని సభలో ముందు లేచింది నేనే.

గౌరునాయుడు స్తంభాల సంఘానికి పెద్ద. మా వైపు అక్కని అప్ప అంటారు. "సంకెలని ఎందుకనుకుంతావప్పా? గాజనుకో," అన్నాడు. "కడుపుతో ఉన్న ఆడపిల్లకి మనం సీమంతం సేసి గాజులు తొడగమా ఏటి?"

అంతే, ఊరు కరిగిపోయింది. సంకెల అంటే కర్రలు పట్టుకునే ఊరు, గాజు అనేసరికి పళ్లేల్లో పసుపు కుంకుమలు సర్దుకుంది. కంపెనీవాళ్లు ఎంత తెలివైనవాళ్లంటే, మా ముచ్చట చూసి రింగులన్నీ చిలకపచ్చ రంగులో చేయించుకొచ్చారు. ఆడపడుచులు ఎప్పట్లాగే మేం పెట్టే చేపల కోసం మా పెరట్లోకి దిగారు. ఒక్కొక్కరినీ పట్టుకుని, కాళ్లకి పసుపు రాసి, పాటలు పాడి గాజు తొడిగాం. వాళ్లలో రాజేలు నా చేతికి తప్ప ఇంకొకరి చేతికి రాదు. నాలుగేళ్లుగా నా స్తంభం మీదే పిల్లల్ని చేసుకుంటోంది. దాని గాజు నేనే తొడిగాను, పాడుతూ.

"మరి పురుడయ్యాక సీమంతం గాజులు మంత్రసానికిచ్చీయాలి గదా. ఇవి కూడా ఇచ్చీస్తారేటి?" అని ఓ ముసలమ్మ అడిగింది. అందరూ నవ్వారు. కంపెనీ కుర్రాడు నిఖిలేష్ కూడా నవ్వి, "తప్పకుండా మేడమ్," అన్నాడు. అందరి ముందూ అన్నాడు. అందుకే రాసి పెడుతున్నాను.

ధనిష్ఠ కార్తె

రాజేలు మూడు గుడ్లు పెట్టింది. గూళ్లన్నీ నిండాయి. కూలిన స్తంభాలు మళ్లీ లేచాయి, కాదనను.

కానీ గాజు తొడిగించుకున్న దగ్గర్నుంచీ ఒక్క ఆడపడుచు కూడా పెరట్లోకి దిగలేదు. అల్లుళ్లు, అంటే మగ కొంగలు, దిగుతున్నారు. చేప తీసుకుంటున్నారు, పోతున్నారు. రాజేలు పైనుంచి చూస్తుంది తప్ప కిందికి రాదు. చేప పట్టుకుని చెయ్యి చాచి చాచి నా భుజం లాగేసింది.

"అలిగినట్టున్నారప్పా. ఆడపిల్లలు గదా, నాలుగు రోజులుంటే ఆళ్లే వత్తారు," అన్నాడు గౌరునాయుడు.

శనివారాలు కుటుంబాలు దిగుతున్నాయి. బస్సు దిగగానే అందరికీ వాలంటీరు అని రాసున్న చొక్కాలు ఇస్తారు. చేపల బకెట్టు ఇలా ఎత్తి, ఫొటో దిగి, అలా దించేస్తారు. నా వల దగ్గరికొచ్చి ఒకావిడ, "మేమూ సాయం చేస్తామండీ, అడవి జీవులంటే మా పిల్లలకి ప్రాణం," అంది. సంతోషమమ్మా అని సూది చేతికిచ్చాను. గోళ్ల రంగు పోతుందని నవ్వుతూ తిరిగిచ్చేసింది. తర్వాత నా స్తంభం కిందే వేసిన షామియానాలోకి పోయి కుర్చీలో వాలి టోపీ పెట్టుకుంది. ఓహో ఆహా అని ఒకటే కేకలు. ఏం చూశారమ్మా అని తర్వాత అడిగితే, సముద్రం అంది. సముద్రం చూడ్డానికి కొంగ ఎందుకు, ఊళ్లోకొచ్చి కూచుంది కదా, వీధి చివరికి నడిస్తే చాలదా?

పూర్వాభాద్ర కార్తె

రాజేలుకి ముగ్గురు పిల్లలు. ముగ్గురూ గట్టిగా ఉన్నారు, నోళ్లు తెరిచి నా చెప్పు కూడా మింగేట్టున్నారు.

ఎండ సంగతి రాయాలి. రోహిణి కార్తెకి రోళ్లు పగులుతాయని మా తాతలు అనేవాళ్లు. ఇప్పుడు రోహిణి దాకా ఆగే పని లేదు, రోళ్లు పగలాలంటే ఈ కార్తెలోనే పగులుతాయి. పైగా స్తంభం ఇనుము. మిట్టమధ్యాహ్నం చేత్తో ముట్టుకుంటే బొబ్బ లేస్తుంది. ఆ వేళకి తల్లిదండ్రుల్లో ఒకరు గూటి మీద నిలబడి రెండు రెక్కలూ చాపి గొడుగు పట్టాలి. ఇంకొకరు పోయి గొంతులో నీళ్లు పట్టుకొచ్చి పిల్లల మీద కక్కాలి. గొడుగొకరు, నీళ్లొకరు. ఇద్దర్లో ఒకరు ఆలస్యమైనా ఎలాగో నెట్టుకొస్తారు. ఇద్దరూ లేకపోతే పిల్లలు గూట్లోనే ఉడికిపోతారు.

రాజేలు రోజూ మధ్యాహ్నానికి ఆలస్యంగా వస్తోంది. అల్లుడొక్కడే గొడుగు పట్టి, నీళ్లకి వెళ్లలేక, నోరు తెరుచుకుని రొప్పుతున్నాడు. నేను తొట్టిలో వెళ్లి పిల్లల మీద నీళ్లు చల్లొస్తున్నాను. నిఖిలేష్‌ని పట్టుకుని అడిగాను.

"మధ్యాహ్నం వేడిగాలి పైకి లేస్తుంది మేడమ్. పక్షులు ఎక్కువ ఎత్తుకి వెళ్లేది అప్పుడే. ఫ్యామిలీస్ అందరూ ఆ గంటే అడుగుతారు."

"అడిగితే? కొంగ ఇంటికి పోతానంటే పోనివ్వరా మరి?"

"బలవంతం ఏమీ ఉండదు మేడమ్. రింగు చిన్న సూచన ఇస్తుంది, అంతే."

సూచనట! ఎద్దుకి ముల్లుకర్ర ఇచ్చేది కూడా సూచనే కదా.

ఈ మంట చాలదన్నట్టు ఇవాళ ఇంకోటి తెచ్చారు. జంట విహారమట. భార్య ఆడకొంగలో, భర్త మగకొంగలో, ఇద్దరూ పక్కపక్కన ఎగరాలట. కుటుంబాలు మరీ మరీ అడుగుతున్నాయట. దానికి మగవాటికీ రింగు కావాలి.

"అల్లుళ్లకి గాజులేటిరా?" అన్నాను.

"గాజులు కాదప్పా, కంకణం," అన్నాడు మా తమ్ముడు. ముందే ఆలోచించి పెట్టుకున్నాడు వెధవ. "పెళ్లికొడుక్కి కంకణం కడతాం గదా."

"ఇద్దరూ ఎల్లిపోతే మజ్జానం గొడుగెవుడు పడతాడు? నువ్వా, నీ సంఘమా?"

"గంటసేపే గదప్పా..."

"ఆ గంటలోనే సచ్చిపోతార్రా!"

ఎవరూ వినలేదు. కొత్తగా లేచిన స్తంభాల వైపు చూసుకుంటున్నారు అందరూ. ఈ ఊరికి ఒకటే జబ్బు. ఏ గడ్డినైనా పసుపు రాసిస్తే ప్రసాదమని తింటుంది. అల్లుళ్లు పాపం చేపకోసం దిగారు, కంకణాలు కట్టేశారు. నేను ఆ ఛాయలకి పోలేదు.

ఉత్తరాభాద్ర కార్తె

రాయడానికి చెయ్యి రావడం లేదు. కానీ రాస్తాను, మీరు చదవాలి.

మా అమ్మాయి హిమజ, అల్లుడు, మనవరాలు వచ్చారు. నిఝంగా నా అల్లుడు, మనిషి అల్లుడు. ఈ ఊళ్లో ఇదొకటి చెప్పుకోవాలి. ఏడాది నుంచి రమ్మంటుంటే తీరిక లేదన్నారు, కంపెనీ బస్సులో విహారానికైతే వచ్చారు. నాకు ముందు చెప్పలేదు, ఆశ్చర్యపరుద్దామని. నేను వాళ్లొచ్చింది చూడనేలేదు. మధ్యాహ్నం కదా, పైన తొట్టిలో ఉన్నాను.

రాజేలు లేదు. రాజేలు మొగుడూ లేడు. రెండు గొడుగులు విప్పి ఒకటి రాజేలు గూటికి, ఒకటి పక్క గూటికి పట్టాను. నీళ్ల బిందె అయిపోయింది. నింపండ్రా అని కిందికి అరిచాను. కిందివాళ్లంతా షామియానాలో అతిథులకి మజ్జిగ ఇవ్వడంలో ఉన్నారు. నా స్తంభం మీద ఎన్ని గూళ్లున్నాయో అన్నింట్లోనూ పిల్లలు నోళ్లు తెరిచి ఊగుతున్నాయి. నాకున్నవి రెండు చేతులు. పైకి చూస్తే ఎక్కడో ఆకాశంలో, చుక్కల్లా, వాళ్ల అమ్మానాన్నలు జంటలు జంటలుగా తిరుగుతున్నారు.

రాజేలు పిల్లల్లో రెండు నా కళ్లముందే మెడలు వాల్చేశాయి.

వాటిని కొంగులో వేసుకుని కిందికి దిగాను. అప్పుడే టోపీ తీసిన ఒకామె పరుగెత్తుకుంటూ వచ్చింది. హిమజ. మొహం వెలిగిపోతోంది.

"అమ్మా! మాకెవర్నిచ్చారో తెలుసా? రాజేల్నిచ్చారమ్మా! నీ రాజేలు! ఎంత ఎత్తుకి తీసుకెళ్లిందో..."

కొంగు విప్పి ఆ రెండింటినీ దాని చేతుల్లో పెట్టాను. ఇంకా వేడిగా ఉన్నాయి.

"ఇవేంటమ్మా?"

"రాజేలు పిల్లలు. నువ్వు సముద్రం సూత్తన్నప్పుడు సచ్చిపోయినాయి."

అది ఏడ్చింది. నేను ఆగలేదు. నోటికొచ్చినట్టు తిట్టాను. నీకూ ఒక పిల్ల ఉంది, దాన్ని ఎండలో కట్టేసి నీ మొగుడితో షికారు పోతావా అన్నాను. బస్సు జనం అంతా గుమిగూడారు. అల్లుడు మధ్యలోకొచ్చి, "అత్తయ్యా, మాకెవరూ చెప్పలేదండీ. అంతా పక్షుల మేలుకే అన్నారు. ఆ డబ్బు గూళ్లకే పోతుందన్నారు," అన్నాడు. మంచివాడే. మంచివాళ్లు కాబట్టే ఒళ్లు మండుతోంది. చెడ్డవాళ్లైతే రాయిచ్చుకు కొట్టి తరిమేద్దును.

బస్సెక్కేముందు హిమజ ఒక్క మాటంది. "మొదట్లో ఏదో గుబులుగా అనిపించిందమ్మా. గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు. బిళ్ల వేసుకుంటే తగ్గింది."

"ఏం బిళ్ల?"

"అందరికీ ఇస్తారుగా. నిమ్మకాయ వాసనేస్తుంది. తల తిరక్కుండా."

రేవతి కార్తె

రాజేలుకి మిగిలింది ఒక్క పిల్ల. దాన్నే చూసుకుంటున్నాను. మిగతా స్తంభాల కింద వలల్లో రోజూ చచ్చిన పిల్లల్ని ఏరుతూనే ఉన్నారు. సంఘం తీర్మానం చేసింది, మధ్యాహ్నం విహారాలు ఆపవలసిందిగా కంపెనీ వారిని కోరడమైనది అని. కోరుకోండి.

నేను నిఖిలేష్ దగ్గరికి పోయి, "నాకూ టోపీ పెట్టు నాయనా, ఇన్నాళ్లు చేశాను కదా," అన్నాను. వాడు ఎంత మురిసిపోయాడో. కుర్చీలో కూచోబెట్టి బిళ్ల చేతికిచ్చాడు. నోట్లో వేసుకుని, వాడటు తిరగ్గానే ఉమ్మేశాను.

మొదట ఏమీ కనపడలేదు. తర్వాత గాలి. అబద్ధమెందుకు, అంత గొప్పది నా జన్మలో చూడలేదు. నాకు కాళ్లు లేవు, బరువు లేదు. కింద ఊరు, చచ్చిన చింతల మోళ్లు, ఊళ్లోకి చొచ్చుకొచ్చిన నీళ్లు. సముద్రం ఎంతుందో చూద్దామని అనుకున్నాను. అనుకున్నానో లేదో ఒళ్లు అటు తిరిగింది. నా ఒళ్లు కాదు, రాజేలు ఒళ్లు. కాలి దగ్గర చురుక్కుమంది. నేను తొడిగిన గాజు దగ్గర.

అప్పుడు తెలిసింది. దాని గొంతు నిండా నీళ్లున్నాయి. పిల్ల కోసం పట్టుకున్న నీళ్లు. వెనక్కి పోవాలి, వెనక్కి పోవాలి అని ఆ ఒళ్లంతా కొట్టుకుంటోంది. హిమజ చంటిపిల్లగా ఉన్నప్పుడు కూలి నుంచి ఆలస్యమైతే రొమ్ములు సలిపేవి, అలాగే సలిపాయి నాకు. ఇప్పుడా ఈ వయసులోనా అని భయపడ్డాను కూడా. ఇంటికి పోవే తల్లీ, పోవే, అని గట్టిగా అనుకున్నాను. ఒక్క ఊపున తిరిగింది. గూటి మీద వాలి, నీళ్లు కక్కి, రెక్కలు చాపింది. కుర్చీలో నా చేతులు కూడా వాటంతటవే చాచుకున్నాయట, ఎవరో చెప్పారు.

టోపీ లాగి పారేసి నిఖిలేష్ చొక్కా పట్టుకున్నాను.

"కుర్చీలో మడిసి ఏటనుకుంతే కొంగ అది సేత్తాది. అవునా కాదా?"

"అంటే... సూచన అని చెప్పాను కదా మేడమ్."

"ఇంటికి పోవాలన్న దాని బాధ మడిసికి తెలుత్తాది. అది తెలవకుండా ఉండడానికి బిళ్ల. అవునా కాదా?"

"అది ఒక సైడ్ ఎఫెక్ట్ మేడమ్. కొంతమంది ఏడ్చేవాళ్లు. ఎక్స్‌పీరియన్స్ పాడవుతోందని..."

సైడ్ ఎఫెక్టట. తల్లి కడుపులో మంట వీళ్లకి సైడ్ ఎఫెక్టు.

గౌరునాయుడికి చెప్పాను. వాడు, "తెలిసింది గదాని తరిమేత్తే రేపు తుపానొత్తాది, స్తంభాలు పడిపోతాయి. పైయేడు ఆడపడుచులొచ్చి ఎక్కడ దిగుతారప్పా? నీ నెత్తి మీదా?" అన్నాడు. వాడి మాటలో కూడా న్యాయం లేకపోలేదు, అదే నా ఖర్మ. కానీ పుట్టిల్లు నిలబెట్టడానికి కూతురి పిల్లల్ని చంపుకుంటారా ఎక్కడైనా?

హిమజకి ఫోను చేశాను. ఆ రోజు తర్వాత మొదటిసారి. నేను తిట్టినందుకు ఏమీ అనలేదు, నేనూ ఏమీ అనలేదు. టోపీలో చూసింది మాత్రం చెప్పాను. బిళ్ల సంగతీ చెప్పాను. చివరికి, "శనివారం టిక్కెట్టు తీసుకుంటాను. రాజేల్నే అడుగుతాను," అంది.

అశ్వని కార్తె

ఇవాళ జరిగింది నా మాటల్లోనే ఉండాలి. మీవాళ్లు వేరేగా రాసుకుంటారని తెలుసు.

బిళ్లలు పంచే పని వాలంటీర్లది. మీరు పెట్టిన రూలే. పొద్దున్నే సీసా నేను తీసుకుని, బిళ్లలు కాలవలో పోసి, నిమ్మతొనలు నింపాను. షాపులో పిల్లలు కొనుక్కునే పంచదార నిమ్మతొనలు. వాసన సరిపోయింది. అందరూ చప్పరించారు. ఒకాయన రెండోది కూడా అడిగాడు.

హిమజ నా చేతిలోంచి తీసుకోలేదు. కుర్చీలో వాలి టోపీ పెట్టుకుంది. పక్క కుర్చీలో అల్లుడు. నేను రేకులు కోసే కత్తెర నడుముకి దోపుకుని, మోటారు వేయించుకుని, తొట్టిలో పైకెళ్లాను.

ఎండ నెత్తికెక్కింది. ఆకాశంలో అందరూ ఎత్తుగా తిరుగుతున్నారు. రాజేలు ఒక్కగానొక్క పిల్ల నోరు తెరిచి నా వైపు చూస్తోంది. గొడుగు తేలేదు నేను, గొడుగుంటే తల్లికి ఇంటి మీద ఆత్రం తగ్గుతుందేమోనని. తేకపోవడం తప్పా ఒప్పా అని ఆ కాసేపు నా గుండె కొట్టుకున్నది దేవుడికే తెలుసు.

కింద షామియానాలో ముందు కేకలు ఆగిపోయాయి. తర్వాత ఎవరో మూలిగారు. పైన ఒక కొంగ తిరుగుడు మాని వాలుగా దిగడం మొదలెట్టింది. దాని వెనక ఇంకోటి. తర్వాత అన్నీ. నా స్తంభం మీదివన్నీ, జంటలు జంటలుగా, రెక్కల చప్పుడు తొట్టిని ఊపేస్తూ వచ్చి వాలాయి. నీళ్లు కక్కాయి. రెక్కలు చాపాయి. కిందికి చూశాను. కుర్చీల్లో మగాళ్లు, ఆడాళ్లు, టోపీలతో, కళ్లు మూసుకుని రెండు చేతులూ చాచి కూచున్నారు. గోళ్ల రంగు పోతుందన్న ఆవిడ ఈసారీ వచ్చింది, వెక్కివెక్కి ఏడుస్తోంది, చేతులు మాత్రం దించడం లేదు.

రాజేలు నా ఎదురుగా నిలబడింది. సీమంతం తర్వాత ఇంత దగ్గరగా నిలబడటం ఇదే. కత్తెర తీశాను. అది కదిలింది. పోతుందనుకున్నాను.

కిందనుంచి హిమజ గొంతు వినపడింది. "అమ్మా! దాన్ని పట్టుకునే ఉన్నాను. బేగి కొయ్యే!"

ఎన్నేళ్లయింది అది బేగి అనే మాట అని! పట్నం పోయాక తొందరగా అంటోంది, త్వరగా అంటోంది.

కోశాను. గాజు తెగి నా ఒళ్లో పడింది. కింద హిమజ అబ్బా అని చేతులు దించేసింది. రాజేలు కాలెత్తి ఒకసారి విదిలించుకుంది, మళ్లీ గొడుగు పట్టింది. ఈసారి ఎవరూ పట్టిస్తే కాదు, దానంతటదే.

పక్క గూటికి జరిగాను. ఇంకోటి కోశాను. నిఖిలేష్ షామియానాలోంచి పరుగెత్తుకొచ్చి, "మోటారు ఆపండి! ఆపండి!" అని అరిచాడు. మోటారు దగ్గర ఉన్నది మా తమ్ముడు. ఆపాడు. తొట్టి పైనే ఆగిపోయింది, గూళ్ల మధ్యలో. వెధవ, సరిగ్గా ఆపాల్సిన చోట ఆపాడు. దించండి అంటే, "స్విచ్చు పట్టేసినట్టుందండీ," అంటున్నాడు వినయంగా.

చెయ్యి అందిన గూళ్లన్నీ అయ్యేదాకా కోశాను. ఆడపడుచుల గాజులు, అల్లుళ్ల కంకణాలు. అందనివి ఉండిపోయాయి, మిగతా స్తంభాల మీదివి ఉండిపోయాయి. చివరికి మీవాళ్లు కరెంటు పీకేశారు. టోపీలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. కొంగలు అదిరిపడి లేచి, స్తంభం చుట్టూ ఒక చుట్టు తిరిగి, ఎవరింటికి వాళ్లే వచ్చారు.

కుర్చీల్లోవాళ్లు లేవడానికి చాలాసేపు పట్టింది. ఒకాయన నిఖిలేష్ ముందుకెళ్లి, "నాకు ఇన్నాళ్లూ ఏం మింగించావు?" అని అడిగాడు. ఆ జవాబు నేను పైనుంచి వినలేకపోయాను. గట్టిగా చెప్పలేదు మరి.

భరణి కార్తె

కంపెనీ నుంచి మాట వచ్చింది. విహారాలు ఆపారట, తాత్కాలికంగా. తెగిన రింగులు వాళ్ల ఆస్తి గనక ఆదెమ్మ అనే వాలంటీరు వెంటనే అప్పజెప్పాలట. లేకపోతే నిలబెట్టిన స్తంభాలు విప్పుకుపోతారట.

విప్పుకుపొమ్మనండి. ఊళ్లోకొచ్చి, ఆడపడుచులున్నప్పుడు ఇనుము మీద సుత్తి వెయ్యమనండి. అప్పుడు గాజు అనాలా సంకెల అనాలా అని సభ పెట్టుకోం. పురుడయ్యాక సీమంతం గాజులు మంత్రసానివి. మీ కుర్రాడు అందరి ముందూ నవ్వుతూ ఒప్పుకున్నాడు, శ్రవణం కార్తెలో రాసి పెట్టాను, పైకి వెళ్లి చూసుకోండి. తెగినవన్నీ దారానికి గుచ్చి నా మంచానికి కట్టుకున్నాను. కావాలంటే వచ్చి విప్పుకోమనండి ఎవడినైనా.

నా కత్తెర కనపడటం లేదు. గౌరునాయుడు నాతో మాట్లాడటం లేదు. రెండూ ఒకచోటే ఉన్నాయని నా అనుమానం. నిన్న ఒకటో స్తంభం దగ్గర వాడి చేతికి బొబ్బలు చూశాను, అడగలేదు.

హిమజ మనవరాల్ని నా దగ్గర వదిలి వెళ్లింది. ఆ గుంట పొద్దుట వల కుట్టింది, వంకరగా. తిట్టి మళ్లీ కుట్టించాను.

రాజేలు పిల్ల బతికింది. రెక్కలు ఆడిస్తోంది, నాలుగు రోజుల్లో ఎగురుతుంది. ఇవాళ చేపల వేళకి పెరట్లో నీడ పడితే తలెత్తి చూశాను. రాజేలు దిగింది. సీమంతం తర్వాత మొదటిసారి. ఉన్నవాటిలో మంచి చేప ఏరి, రావే తల్లీ అని చెయ్యి చాచాను.

చూడలేదు. నా చెయ్యి పక్కనుంచే నడిచిపోయి, బకెట్లో తనే ముక్కు పెట్టి చేప తీసుకుంది. నా వైపు వీపు పెట్టి నిలబడి తింది. గాజు తొడిగిన చెయ్యి ఇదేనని దానికి తెలుసు.

"నువ్వంటే కోపమా అమ్మమ్మా దానికి?" అని అడిగింది మనవరాలు.

కోపమే. ఉండనీ. పుట్టింటికొచ్చి మరీ అలిగింది, రానే రాకుండా పోలేదు. నేను చెయ్యి దించలేదు. చేప అలాగే పట్టుకుని కూచున్నాను.